అద్దెకు డిటెక్టివ్‌లు

1984లో విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అద్దె పుస్తకాల షాపులో పనికి కుదిరినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. బడి వదిలాక సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా పని. మొదటి రోజు షాపు యజమాని, మా పెద్దాయన, నా చేతిలో పెట్టింది దబ్బనం, మైనం ముద్ద, దారపు ఉండ. కొత్త పాకెట్ నవల వచ్చిన రోజే దాని పిన్నులు పీకేసి, వెన్ను పక్కన మూడు చోట్ల పొడిచి, మైనం పట్టించిన దారంతో బిగించి కుట్టి, అట్ట వెనక క్యాలికో గుడ్డ అంటించాలి. ఆ పని చేయకుండా అద్దెకిస్తే పది చేతులు మారేలోపు ఆఖరి ఫారం ఊడొస్తుంది. ఫారమంటే పదహారు పేజీలు. సాంఘిక నవలకి ఆఖరి ఫారం పోతే చదివేవాళ్లు ఏదో ఊహించుకుని సరిపెట్టుకుంటారు. డిటెక్టివ్ నవలకి పోతే డిపాజిట్ వెనక్కిమ్మని కూర్చుంటారు.

జిగురు కొనేవాళ్లం కాదు. మైదా ఉడికించి, దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేయాలి. అది వేయకపోతే బొద్దింకలు వెన్నంతా కొరికేస్తాయి. ఎక్కువైతే కాగితం అంచులకి ఆకుపచ్చ మరక పడుతుంది. ఆ చిటికెడు ఎంతో నాకు చూపించింది మా వీధి చివర బైండింగ్ సాయిబుగారు. రెండు వేళ్ల సందున పట్టిన పొడిని నా అరచేతిలో పోసి, 'ఇంతే' అన్నారు. ఇప్పటికీ కొలత అదే.

షాపులో ముందు వరసంతా డిటెక్టివ్‌లదే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఒక బీరువా. మధుబాబు గారి షాడో మరో బీరువా. రెండూ కలిపి పెట్టనిచ్చేవారు కాదు పెద్దాయన. "షాడో గూఢచారిరా. వాడి వెనక ప్రభుత్వం ఉంటుంది. ప్రైవేటు డిటెక్టివ్‌కి అదేం లేదు. మనలాంటివాడెవడో గుమ్మమెక్కి ఫీజు ఇస్తేనే ఆ పూట పని. ఒకడిని అడిగినవాడికి ఇంకొకడిని ఇస్తే మర్నాడే తిరిగొస్తాడు" అని చెప్పారు. నలభై ఏళ్లుగా ఏ కొత్త సిరీస్ చేతికొచ్చినా నేను ముందు వెతికేది అదే. డబ్బు ఎవరిస్తున్నారు? ఎంత అవసరంలో ఇస్తున్నారు? పుచ్చుకునేవాడు ఎంత ఇబ్బందిలో ఉన్నాడు? హత్య ఎలా జరిగిందో ఎవరైనా చెబుతారు. డిటెక్టివ్ ఆ నెల ఎలా గడుపుతున్నాడో తెలిస్తే ఆ సిరీస్ ఎవరికి నచ్చుతుందో మీకు తెలిసిపోతుంది.

1993లో అమ్మ గాజులు తాకట్టు పెట్టి నా సొంత షాపు తెరిచాను. అప్పటికే టీవీ వచ్చి అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మిగిలిన ఖాతాదార్లలో బ్యాంకు ఆఫీసర్లు, లెక్చరర్లు, రిటైరైన రైల్వే వాళ్లు ఎక్కువ. వాళ్లు ఇంగ్లీషు పుస్తకాలు అడగడం మొదలుపెట్టారు. నాది బీకాం ఇంగ్లీషు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, బల్ల వెనక కూర్చుని చదివాను. సరుకు కొంత మా లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికేది. చాలనప్పుడు శనివారం రాత్రి రైలెక్కి, ఆదివారం పొద్దుటే హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకుని, రెండు సంచులతో రాత్రి బండికి తిరిగొచ్చేవాణ్ని.

అలా తెచ్చినవాటిలో సారా పారెట్‌స్కీ రాసిన 'ఇండెమ్నిటీ ఓన్లీ' ఒకటి. 1982 నాటి పుస్తకం. షికాగోలో వి.ఐ. వార్షాస్కీ అనే ఆవిడ డిటెక్టివ్. పోలీసు కూతురు, లాయరు పని వదిలేసి ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి. ఆవిడ పట్టుకునే నేరాల్లో రక్తం కంటే లెక్కల పుస్తకాలు ఎక్కువ. మొదటి కేసే ఒక బీమా కంపెనీ, ఒక కార్మిక సంఘం మధ్య నడిచిన మోసం దగ్గర తేలుతుంది. పారెట్‌స్కీ స్వయంగా బీమా కంపెనీలో ఉద్యోగం చేసిన మనిషి కాబట్టి క్లెయిము కాగితం ఏ బల్ల మీంచి ఏ బల్లకి వెళుతుందో ఆవిడకి తెలుసు. మా ఖాతాదార్లలో బీమా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఉండేవారు. ఏ నవల తీసుకెళ్లినా నలభై పేజీలు చదివి తిరిగిచ్చేసేవారు. ఆయనకి ఇది ఇచ్చాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లే ముందే షాపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఏమండీ, ఈవిడవి ఇంకెన్ని ఉన్నాయి?" అన్నారు. షాపు నాదే అని నాకు నిజంగా అనిపించింది ఆ రోజే. ఆ వారాంతం ఆబిడ్స్ వెళ్లి వార్షాస్కీ పేరున్న పుస్తకం ప్రతిదీ వెతికి తెచ్చాను. నాలుగు దొరికాయి.

అదే 1982లో సూ గ్రాఫ్టన్ కూడా తన సిరీస్ మొదలుపెట్టారు. 'ఎ ఈజ్ ఫర్ అలిబై'. కాలిఫోర్నియాలో శాంటా తెరెసా అనే కల్పిత పట్నం, అక్కడ కిన్సీ మిల్‌హోన్ అనే డిటెక్టివ్. వయసు ముప్పై రెండు, రెండు విడాకులు, చేతిలో లైసెన్సు, సొంతానికి ఒక ఫోక్స్‌వాగన్ కారు. ఇంటి ఓనరు ఎనభై దాటిన హెన్రీ, రొట్టెలు చేసి రిటైరైన మనిషి, గళ్లనుడికట్లు తయారుచేస్తుంటాడు. అద్దె షాపువాడికి ఈ సిరీస్ వరం. ఎ తర్వాత బి, బి తర్వాత సి. నంబరు రాసి అంటించే పని లేదు.

నా పనిలో నేను వాడే పెద్ద చిట్కా కిన్సీ దగ్గర నేర్చుకున్నదే. కేసులో తెలిసిన ప్రతి చిన్న సంగతినీ ఆమె ఒక్కో అట్టకార్డు మీద రాసుకుంటుంది. దారి తోచనప్పుడు కార్డులన్నీ పరిచి, వరస మార్చి మార్చి చూస్తుంది. నేను ఖాతాదారుకొక కార్డు పెట్టాను. అందులో చదివిన పుస్తకాలు రాయను, అవి ఖాతా పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. సగంలో వదిలేసినవి రాస్తాను. ఏ పేజీ దగ్గర వదిలేశారో కూడా. అడిగితే చెప్పరు. పుస్తకం తిరిగొచ్చాక వెన్ను చూడండి. చదివినంత మేర గీతలు పడి, మిగతాది నున్నగా ఉంటుంది. ఆ నున్నటి చోటు ఎక్కడ మొదలైందో తెరిచి చూస్తే, ఏ మాట దగ్గర మనిషి వెనక్కి తగ్గాడో కనిపిస్తుంది. ఒక లెక్చరరు గారు వరసగా మూడు పుస్తకాలు పసిపిల్లకి అపాయం వచ్చిన చోటే వదిలేశారు. నాలుగోసారి అలాంటిది ఆయనకి ఇవ్వలేదు. డెనిస్ లెహేన్ రాసిన కెంజీ, జెన్నారోల సిరీస్ ఎంత బాగున్నా ఆయన కంటపడకుండా లోపలి బీరువాలో ఉంచాను. అందులో 'గాన్, బేబీ, గాన్' పసిపిల్ల మాయమైన కథ.

ఇప్పుడు వయసు సంగతి. సిరీస్‌లు పోల్చేటప్పుడు ఫీజు తర్వాత నేను చూసేది అదే. యుగంధర్‌కి వయసు రాదు. పెద్దాయన తరంలో అది ఎవరికీ లోటనిపించలేదు. బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ 1932లో మొదలుపెట్టిన వ్యోమకేశ్ బక్షి మాత్రం పెళ్లి చేసుకుని, కొడుకుని ఎత్తుకుని, వయసు మీద వేసుకున్నాడు. అమెరికాలో రాబర్ట్ బి. పార్కర్ 1973లో మొదలుపెట్టిన బోస్టన్ డిటెక్టివ్ స్పెన్సర్ కొరియా యుద్ధంలో పనిచేసినవాడు. ఆ లెక్కన 2009 నాటికి డెబ్బై దాటి ఉండాలి. అయినా అదే ఒడ్డూపొడుగుతో తలుపులు తన్నుకుని వెళుతూనే ఉంటాడు. కిన్సీది మూడో రకం. పుస్తకాలు ముప్పై అయిదేళ్ల పాటు వచ్చాయి, ఆమె జీవితంలో ఏడేళ్లే గడిచాయి. 2017లో వచ్చిన పుస్తకంలో కూడా ఆమె 1989లోనే ఉంది. సెల్‌ఫోను లేదు. కాయిన్ బాక్సు దగ్గర చిల్లర వెతుక్కుంటుంది. రిపోర్టు టైపు చేస్తుంది.

ఈ మూడు రకాలూ ఒకరికే నచ్చవు. మారని డిటెక్టివ్‌ని అడిగేది రోజంతా నలిగి వచ్చినవాళ్లు. వాళ్లకి తలుపు తీస్తే అదే గది, అదే కుర్చీ కనపడాలి. స్పెన్సర్‌ని వాళ్లకివ్వండి, ఏ నంబరు నుంచైనా ఫరవాలేదు. కిన్సీని ఆ ఎనభైల్లో ఉద్యోగం చేసిన ఆడవాళ్లు వదలరు. ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటరు మేడమ్ 'సి' నుంచి 'యు' దాకా రెండేళ్లలో చదివేసి, "ఆ రోజుల్లో ట్రంకు కాల్ కలిపినట్టే ఉంటుంది బాబూ ఈ పిల్ల పని" అన్నారు.

గ్రాఫ్టన్ 2017 డిసెంబరులో పోయారు. 'వై' దగ్గర ఆగింది. 'జెడ్' రాయలేదు. ఇంకొకరితో రాయించేది లేదని ఇంటివాళ్లు చెప్పేశారు. పార్కర్ 2010 జనవరిలో రాతబల్ల దగ్గరే పోతే, ఆయన కుటుంబం మాత్రం స్పెన్సర్‌ని ఏస్ అట్కిన్స్‌కి అప్పగించింది, ఆ తర్వాత మైక్ లుపికాకి. ఏది మంచిదని ఖాతాదార్లు నన్ను అడుగుతారు. వయసు రాని స్పెన్సర్ ఇంకొకరి చేతిలో నడవగలడు, అట్కిన్స్ బాగానే నడిపాడు. కిన్సీ అలా నడవదు. ఆమె కార్డుల మీద రాసుకునే తీరు, తిండి, విసుగు, ఒంటరితనం, అన్నీ ఒకే మనిషి చేతిరాత. నేను ఆ ఇంటివాళ్ల పక్షమే. 'జెడ్' ఎప్పుడొస్తుందని ఇప్పటికీ అడిగేవాళ్లకి రాదని చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

సిరీస్ అయిపోయిందని మీ నోటితో చెప్పే ముందు మాత్రం పదిసార్లు చూసుకోండి. వాల్టర్ మోస్లీ రాసిన ఈజీ రాలిన్స్ విషయంలో నేను దెబ్బతిన్నాను. 1990లో వచ్చిన మొదటి పుస్తకం 'డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్', కథాకాలం 1948, లాస్ ఏంజెలెస్. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి కుర్రాడు ఈజీ. విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయింది. ఇంటి మీద అప్పుంది. నెల వాయిదా కట్టాలి. అందుకే ఒక తెల్లవాడు డబ్బు చూపించి ఫలానా అమ్మాయిని వెతికిపెట్టమంటే ఒప్పుకుంటాడు. లైసెన్సు లేదు, ఆఫీసు లేదు. ఇల్లు నిలబెట్టుకోవడం కోసం డిటెక్టివ్ అయిన మనిషి. ఆ ఇంటిని, దాని ముందున్న మొక్కల్ని మోస్లీ రాసిన తీరు చూడండి, ఇల్లు కట్టుకుని లోను తీరుస్తున్న ఏ బ్యాంకు గుమాస్తా అయినా కదిలిపోతాడు. ఒక్కో పుస్తకానికి కొన్నేళ్లు ముందుకు జరుగుతూ, వాట్స్ అల్లర్లు దాటి, డెబ్బైల మొదటికి వస్తుంది సిరీస్.

2007 నాటి 'బ్లాండ్ ఫెయిత్' ఆఖర్లో ఈజీ కారు కొండ అంచు నుంచి పడిపోతుంది. అది చదివిన ఒక బ్యాంకు ఆయన షాపుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఇంకేం లేదండీ, అంతే, అయిపోయింది" అన్నాను. ఆయన కార్డు మీద ఎర్ర సిరాతో 'సమాప్తం' అని కూడా రాశాను. ఆయన ఊరు మారిపోయారు. 2013లో 'లిటిల్ గ్రీన్' వచ్చింది. ఈజీ బతికే ఉన్నాడు! ఆయన పాత ఫోన్ నంబరు పట్టుకుని వెతికాను. కొడుకు ఎత్తాడు. అప్పటికి ఏడాదైంది ఆయన పోయి. ఆ కార్డు పారేయలేదు నేను. మీరు నా దగ్గర పని నేర్చుకోవడానికొస్తే మొదట అదే చూపిస్తాను.

డబ్బు ఇబ్బంది అన్నాను కదా. బోట్స్వానా దేశపు రాజధాని గాబరోన్‌లో రమోట్స్వే అనే ఆవిడ ఆఫీసు తెరిచిన వైనం చూడండి. తండ్రి దక్షిణాఫ్రికా గనుల్లో ఒళ్లు గుల్ల చేసుకుని పశువుల్ని కూడబెడతాడు. ఆయన పోయాక కూతురు వాటిని అమ్మి, 'నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ' పెడుతుంది. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో మొదలుపెట్టిన ఈ సిరీస్ ఇరవై పుస్తకాలు దాటినా ఇంకా నడుస్తోంది. గొడ్లని అమ్మి కూతురికి బతుకుతెరువు చూపించడమంటే ఏమిటో కృష్ణా జిల్లా రైతు ఇంటి మనిషికి నేను వేరే చెప్పక్కర్లేదు. అమ్మ గాజుల మీద షాపు తెరిచినవాణ్ని, నాకూ ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పుస్తకాల్లో హత్యలు అరుదు. మాయమైన భర్త, తండ్రినని అబద్ధమాడి వచ్చినవాడు, ఇన్సూరెన్సు కోసం వేలు పోయిందనేవాడు. ఆవిడ సెక్రటరీ మకుట్సి సెక్రటరీ కోర్సులో 97 శాతం తెచ్చుకుంది, కనపడిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెబుతుంది. రాత్రి నిద్రపట్టదు కాబట్టి భయంకరమైనవి వద్దనే పెద్దవాళ్లకి ఇది ఇస్తాను. గుండె ఆపరేషను చేయించుకున్న ఒక డాక్టరు గారు మంచం మీదే ఆరు చదివారు.

విశ్ పురి ఇంకా దగ్గర. టార్క్విన్ హాల్ అనే బ్రిటిష్ జర్నలిస్టు 2009లో మొదలుపెట్టిన ఢిల్లీ డిటెక్టివ్. పంజాబీ, భోజనప్రియుడు, ఇంట్లో ముద్దుపేరు చబ్బీ. రోజువారీ సంపాదన పెళ్లి సంబంధాల వాకబు. అబ్బాయికి చెప్పిన జీతం నిజమేనా, అమ్మాయికి ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా. తన మనుషులకి పెట్టిన పేర్లు ట్యూబ్‌లైట్, హ్యాండ్‌బ్రేక్, ఫేస్‌క్రీమ్. పనిలో తలదూర్చొద్దని కొడుకు ఎంత చెప్పినా వినకుండా సొంతంగా దర్యాప్తు చేసే తల్లి ఒకావిడ. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి లైసెన్సు చట్టం లేదు. 2007లో ఒక బిల్లు రాజ్యసభకి వచ్చింది, చట్టంగా మారలేదు. అందుకే కాలిఫోర్నియాలో కిన్సీ లైసెన్సు పోతుందేమోనని జంకినట్టు పురి జంకడు. అతని భయం వేరు. పరువు పోతుందేమో, పోలీసులు తనని లెక్కచేయరేమో అని.

2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' సినిమా వచ్చాక, నెల్లూరు డిటెక్టివ్‌ని చూసిన ఇంజినీరింగ్ కుర్రాళ్లు ఇలాంటి పుస్తకం ఉందా అంటూ వచ్చారు. అంతకు ముప్పై మూడేళ్ల క్రితం జంధ్యాల గారు 'చంటబ్బాయి' తీసినప్పుడు కూడా ఇలాగే మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల కోసం వచ్చారు. అప్పట్లో ఆ ఒక్క ప్రతికి నేను మూడుసార్లు కుట్టు వేశాను. ఈసారి కుర్రాళ్లకి విశ్ పురిని ఇచ్చాను. ముగ్గురిలో ఇద్దరు ఇప్పటికీ ఖాతాదార్లు.

హ్యారీ పాటర్ చదివి పెరిగినవాళ్లు అడిగేది కార్మొరన్ స్ట్రైక్. 2013లో 'ద కకూస్ కాలింగ్' రాబర్ట్ గాల్‌బ్రైత్ పేరుతో వచ్చింది. అది హ్యారీ పాటర్ రాసిన రోలింగే అని మూడు నెలల్లో బయటపడింది. అఫ్గానిస్తాన్‌లో కాలు పోగొట్టుకున్న మాజీ సైనికుడు స్ట్రైక్. లండన్ డెన్మార్క్ స్ట్రీట్‌లో ఆఫీసు. నిశ్చితార్థం చెడి, అప్పులు నెత్తిన పడి, ఆఫీసులోనే మడతమంచం మీద పడుకుంటాడు. వారం రోజుల పనికి ఏజెన్సీ పంపిన రాబిన్ ఎలకాట్ గుమ్మంలోకి వస్తుంది. ఆమెకి జీతమిచ్చే స్తోమత అతనికి లేదు. ఆమె వెళ్లదు. పని నేర్చుకుంటుంది, దెబ్బలు తింటుంది, తర్వాతి పుస్తకాల్లో వ్యాపారంలో భాగస్వామి అవుతుంది. మా రాజు ఎన్ని నవలలు గడిచినా యుగంధర్‌కి అసిస్టెంటుగానే మిగిలాడు. పద్నాలుగేళ్ల వయసులో బల్ల కింద కూర్చుని కుట్లు వేస్తున్న నాకు రాజు ఎప్పుడైనా సొంత బోర్డు కడతాడా అని ఉండేది. రాబిన్ పేరు ఆ తలుపు మీదకి ఎక్కిందంటే నాకు మనసు నిండింది.

ఒక ఇబ్బంది, ఈ పుస్తకాల లావు. 'ట్రబుల్డ్ బ్లడ్' తొమ్మిది వందల పేజీలు దాటింది. మూడు చేతులు మారేసరికి వెన్ను రెండుగా విరిగింది. సాయిబుగారి అబ్బాయి, నేను కలిసి ఒక అధ్యాయం ముగిసిన చోట కోసి, రెండు భాగాలుగా కుట్టి, విడివిడి అట్టలు వేశాం. పని బాగా కుదిరింది. నేను చేసిన పొరపాటు రెండింటినీ వేర్వేరుగా అద్దెకివ్వడం. మొదటి భాగం చదివినవాళ్లకి రెండోది దొరకదు, ఎవరో ఇంట్లో పెట్టుకుని కదలరు. నలభై ఏళ్ల కింద మాయమైన డాక్టరమ్మ ఏమైందో తెలియక నలుగురు రోజూ షాపు చుట్టూ తిరిగారు. అప్పటి నుంచి రెండు భాగాలూ నాడాతో కలిపి కట్టి ఇస్తున్నాను. అద్దె ఒకటిన్నర రెట్లు.

నేను చేసిన పెద్ద తప్పు ఆఖర్న చెబుతున్నాను. 1996లో ఒకావిడ కొత్తగా ఖాతా తెరిచారు. అరవైకి దగ్గర పడుతున్న టీచరు గారు. ఇంగ్లీషులో మంచి డిటెక్టివ్ పుస్తకం ఇమ్మన్నారు. లారెన్స్ బ్లాక్ రాసిన 'ఎయిట్ మిలియన్ వేస్ టు డై' ముందు రోజే వచ్చింది. అట్ట బాగుంది. చదవకుండా ఇచ్చేశాను. అది మాథ్యూ స్కడర్ సిరీస్‌లో అయిదోది. న్యూయార్క్‌లో పోలీసు ఉద్యోగం, భార్య, పిల్లలు అన్నీ వదిలేసి హోటల్ గదిలో ఉండే మనిషి. డ్యూటీలో లేని రాత్రి దొంగల మీద పేల్చిన తూటా ఒకటి తిరగబడి చిన్నపిల్లకి తగిలింది. అప్పటి నుంచి ఇలా. లైసెన్సు లేదు. తెలిసినవాళ్లకి సాయం చేస్తాడు, వాళ్లు ఇచ్చింది తీసుకుంటాడు. ఎంత వచ్చినా అందులో పదో వంతు ఏ చర్చి కనపడితే ఆ చర్చి హుండీలో వేస్తాడు. ఆ పుస్తకం అంతా అతను తాగుడు మానాలని మీటింగులకి వెళ్లడం, తన వంతు వచ్చినప్పుడు నోరు విప్పలేకపోవడం.

ఆవిడ భర్త తాగి తాగి పోయారని నాకు తర్వాత తెలిసింది. అయిదు రోజులు రాలేదు. ఆరో రోజు పుస్తకం బల్ల మీద పెట్టి నిలబడ్డారు. వెన్ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీతలు పడి ఉంది. క్షమించమని అడగబోతుంటే, "ఇతను మళ్లీ తాగుతాడా?" అన్నారు.

తెలియదన్నాను. తెలుసుకుని చెబుతానన్నాను. తర్వాత నంబరు పుస్తకం 'వెన్ ద సేక్రెడ్ జిన్‌మిల్ క్లోజెస్', 1986ది. అది నా దగ్గరే ఉంది. ఈసారి ముందు నేను చదివాను. అది వెనక్కి, 1975కి వెళుతుంది. స్కడర్ పొద్దుటి నుంచి రాత్రి దాకా తాగుతున్న రోజులు. సిరీస్ అంతటికీ అదే గొప్ప పుస్తకమని చాలామంది అంటారు, నేనూ అంటాను. అయినా ఆవిడ చేతికి ఇవ్వలేదు. దాన్ని దాటేసి, 1989 నాటి 'అవుట్ ఆన్ ద కటింగ్ ఎడ్జ్' ఆబిడ్స్‌లో పట్టుకుని తెచ్చిచ్చాను. అందులో అతను మానేసి ఏళ్లయింది. నంబరు వరసే ధర్మం అనుకోకండి. ఎదుట నిలబడిన మనిషిని బట్టి వరస మారుతుంది. పెద్దాయన బతికుంటే ఆ పని మెచ్చుకునేవారు.

ఆవిడ అప్పటి నుంచి స్కడర్‌ని వదల్లేదు. దాటేసిన పుస్తకం కూడా పదేళ్ల తర్వాత ఆవిడే అడిగి తీసుకుని చదివారు. బ్లాక్ 1938లో పుట్టారు, స్కడర్‌నీ అదే ఏడాది పుట్టించారు. పుస్తకం పుస్తకానికీ నిజమైన ఏళ్లు గడుస్తాయి. మోకాళ్లు నొప్పులు పుడతాయి, స్నేహితులు పోతారు. 2023లో 'ద ఆటోబయోగ్రఫీ ఆఫ్ మాథ్యూ స్కడర్' వచ్చింది. ఎనభై దాటిన మనిషి తన కథ తానే రాసుకున్నట్టు ఉంటుంది. ఆవిడ ఇప్పుడు షాపుకి రాలేరు. నేనే ఇంటికి పట్టుకెళ్లాను. అట్ట మీద చేత్తో తడిమి, "నాకంటే ఏడాది పెద్ద" అన్నారు. చూపు బాగా తగ్గింది, అక్షరాలు ఆనవు. ఆదివారం ఆబిడ్స్ ప్రయాణాలు నేను మానేసి చాలా కాలమైంది కాబట్టి, ఆ పూట వెళ్లి ఇరవై పేజీలు చదివి వినిపించి వస్తున్నాను. స్కడర్ ఇంకా పోలీసు ఉద్యోగంలోనే ఉన్నాడు.